అందరూ "మంచి" ఆప్షనే నొక్కుతున్నారంటే తప్పు ప్లేయర్లది కాదు

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్న కొందరు కలిసి ఒక చిన్న ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి కథలో ఆడే గేమ్) చేస్తున్నారు. కుతుబ్‌షాహీల కాలం, హీరో హైదరాబాద్ కార్వాన్‌లో ఒక వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తా. కొల్లూరు గనిలో పనిచేసే కూలీ ఒకడు రాయి దాచుకుని వచ్చి హీరోకి దొరికిపోతాడు. పట్టిస్తే బహుమానం, వదిలేస్తే "ధర్మం" మీటర్‌లో 10 పాయింట్లు. కాలేజీలో డెమో పెడితే దాదాపు అందరూ వదిలేశారు, చెడ్డ దారి కోసం నెలరోజులు కూర్చుని రాసిందంతా ఎవరూ చూడనే లేదు. ఇప్పుడు బహుమానం పెంచాలా, ఎండింగులు పెంచాలా, లేక మీటర్‌ని ఇంకా పెద్దగా కనపడేలా పెట్టాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే మూడూ వద్దు. మీటర్ తీసేయండి. ఎండింగులు రెండు చాలు. మంచి ఆప్షన్‌కి కూడా ఖర్చు పెట్టండి. మీ గేమ్‌లో కూలీని వదిలేస్తే ప్లేయర్‌కి పోయేదేమీ లేదు, పైగా పాయింట్లు వస్తాయి, పైగా మనసుకు హాయి. అలాంటప్పుడు అది ఎంపిక ఎలా అవుతుంది? "నువ్వు మంచివాడివేనా?" అని అడిగి అవును, కాదు అని రెండు బటన్లు పెట్టినట్టుంది. ఎవరైనా అవుననే నొక్కుతారు.

నేను మాదాపూర్‌లో ఒక గేమ్ స్టూడియోలో క్వెస్టులు, అంటే ప్లేయర్ చేయాల్సిన పనుల కథలు, రాస్తాను. అంతకుముందు బయటి స్టూడియోలకు ఇంటి నుంచే డైలాగులు రాసిచ్చేదాన్ని. కాబట్టి కింద చెప్పేదాంట్లో కొంత ఆడి తెలుసుకున్నది, కొంత వేరేవాళ్లు ఆడుతుంటే వెనక కూర్చుని చూసి తెలుసుకున్నది. రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

అందరూ మంచి దారే పట్టడం మీ ఒక్కరి సమస్య కాదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మాస్ ఎఫెక్ట్ గేమ్ సిరీస్ మీద పనిచేసిన ఒక బయోవేర్ స్టూడియో డిజైనర్ 2020లో ట్విటర్‌లో చెప్పిన లెక్క ప్రకారం ప్లేయర్లలో సుమారు 92 శాతం మంది పారగన్ (మంచి) దారిలోనే ఆడారట, రెనెగేడ్ (మొరటు) వైపు తాము బోలెడంత కష్టపడి రాశామని కూడా వాపోయాడు. అంత పెద్ద స్టూడియో, అంత డబ్బు, అంత మంచి నటులు, అయినా అదే కథ. కారణం నాకు అర్థమైనంతవరకు ఇది: గేమ్‌లో మొదటిసారి ఆడేటప్పుడు మనం ఆ పాత్రను మనమే అనుకుంటాం, మనం చెడ్డవాళ్లం అని ఎవరం అనుకోం. రెండోసారి ఆడేవాళ్లు సరదాకి చెడ్డగా ఆడతారు, కానీ రెండోసారి ఆడేవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి.

ఇంకో విషయం, చాలా గేముల్లో చెడు అంటే ఊరికే నోటి దురుసు. ముసలావిడ సాయం అడిగితే "చావు పో" అనడం. అందులో ప్లేయర్‌కి ఏం ఆశ ఉంది? నిజంగా తప్పు చేసేవాడు ఎదుటివాడిని ఏడిపించడానికి చేయడు, తనకేదో కావాలి కాబట్టి చేస్తాడు. చెడు ఆప్షన్‌లో క్రూరత్వం తగ్గించి ఆశ పెంచండి. మీ కథకే వస్తే, కూలీని పట్టించడం, వదిలేయడం కాకుండా మూడోది ఒకటి పెట్టొచ్చు: ఆ రాయిని గుమాస్తాయే చవగ్గా కొనేసి నోరు మూసుకోవడం. నా మాట నమ్మండి, మీ కాలేజీలో సగం మంది అక్కడే ఆగి ఆలోచిస్తారు.

ఇక మీటర్ గొడవ. మీటర్ కనపడగానే ప్లేయర్ మనిషిని చూడటం మానేసి అంకెను చూస్తాడు. మాస్ ఎఫెక్ట్ 2 (2010)లో కొన్ని గట్టి డైలాగులు తెరుచుకోవాలంటే నీలం (పారగన్) పాయింట్లో ఎరుపు (రెనెగేడ్) పాయింట్లో బాగా ఉండాలి. అందుకని నాలాంటివాళ్లం మొదటి గంటలోనే ఒక రంగు తేల్చుకుని, ఆ తర్వాత సీన్‌లో ఏం జరుగుతోందో కూడా పూర్తిగా వినకుండా ఆ రంగు నొక్కుకుంటూ పోయాం. గేమ్ మొత్తానికి తీసుకున్న నిర్ణయం ఒక్కటే అన్నమాట. బయోషాక్ (2007) పూర్తి ఆర్‌పీజీ కాదుగానీ దాని లెక్క చూడండి: లిటిల్ సిస్టర్ అనే పాపను చంపి తీసుకుంటే 160 ఆడమ్ (శక్తులు కొనుక్కునే సరుకు), కాపాడితే 80. ఇంతవరకు బాగానే ఉంది, మంచితనానికి సగం ఖర్చు. కానీ ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ 200 ఆడమ్‌తో ఒక కానుక వస్తుంది. కూడి చూస్తే ముగ్గురిని చంపినవాడికి 480, కాపాడినవాడికి 440. ఆ నలభై కోసం పాపను చంపేవాడెవడు? త్యాగం అని పేరు పెట్టి వెనక తలుపు నుంచి దాదాపు అంతా తిరిగిచ్చేశారు.

అంకెలు అసలే వద్దని కాదు, లోపల ఉంచుకోండి. 1985లోనే అల్టిమా 4 ఈ పని చేసింది. మూలికలు అమ్మే గుడ్డి వ్యాపారి దగ్గర ఎంత డబ్బు పెడుతున్నామో మనమే టైప్ చేయాలి, తక్కువ పెట్టినా ఆవిడకు తెలియదు, సరుకు వచ్చేస్తుంది. గేమ్ కిక్కురుమనదు. కానీ లోపల నిజాయితీ తగ్గుతుంది, అది మనకు తెలిసేది కోటలో ఉన్న హాక్‌విండ్ అనే మనిషి దగ్గరికి వెళ్లి అడిగినప్పుడు మాత్రమే. స్క్రీన్ మీద గీత తగ్గడానికీ, ఒక మనిషి మొహం మీద చెప్పడానికీ చాలా తేడా ఉంది. ఫాల్‌అవుట్ న్యూ వెగాస్ (2010) ఇంకో దారి చూపించింది, ఒక్కో వర్గం దగ్గర మన మంచి పేరు, చెడ్డ పేరు విడివిడిగా లెక్క. ఊరికి పది మంచి పనులు చేసినంత మాత్రాన అక్కడ చేసిన హత్య చెరిగిపోదు. మీ గేమ్‌కి ఇది సరిగ్గా సరిపోతుంది: గని కూలీల దగ్గర పేరు వేరు, వ్యాపారి దగ్గర వేరు, కోట అధికారుల దగ్గర వేరు.

ఖర్చు ఎగ్గొట్టే మూడో దారి ఒకటుంటుంది, దాంతో జాగ్రత్త. డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ (2009)లో రెడ్‌క్లిఫ్ కోటలో కానర్ అనే పిల్లాడికి దయ్యం పడుతుంది. పిల్లాడిని చంపాలా, తల్లి ప్రాణం బలిచ్చి క్షుద్రవిద్యతో కాపాడాలా అని గేమ్ మన గొంతు మీద కత్తి పెడుతుంది. అద్భుతమైన సీన్. కానీ సరస్సు అవతల మాంత్రికుల గోపురానికి వెళ్లి సాయం తెచ్చుకునే దారి కూడా ఉంది, అంత దూరం పోయివచ్చేదాకా దయ్యం బుద్ధిగా కూర్చుంటుంది, ఊళ్లో ఒక్కరికీ ఏమీ కాదు. ఆ దారి ఉందని తెలిసిన క్షణం నుంచి మిగతా రెండూ తెలియనివాళ్లు పడే గుంతలు అయిపోతాయి. మనం పోయివచ్చే లోపు ఊళ్లో ఒక్క ఇల్లు కాలినా ఆ సీన్ ఎక్కడికో వెళ్లిపోయేది. మూడో దారి పెట్టండి, కానీ దానికీ బిల్లు కట్టించండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఫలితం ఆలస్యంగా రావాలి. వెంటనే వస్తే ఏమవుతుందో మీకూ తెలుసు, పాత సేవ్ లోడ్ చేసి రెండోది నొక్కి చూస్తారు, నచ్చింది ఉంచుకుంటారు. మొదటి విచర్ (2007)లో మొదటి అధ్యాయంలో ఒక రాత్రి నది ఒడ్డున పెట్టెలకు కాపలా ఉంటాం. ఎల్ఫ్ అనే జాతి తిరుగుబాటుదారులు వచ్చి ఆ పెట్టెలు అడుగుతారు, ఇచ్చేస్తే గొడవ లేకుండా పట్టుకుపోతారు. అంతే, మర్చిపోతాం. కొన్ని గంటల ఆట తర్వాత, రెండో అధ్యాయంలో నగరంలో మన దర్యాప్తుకు పనికొచ్చే ఒక మనిషి కోసం వెతికితే వాడు చచ్చి పడుంటాడు, చంపింది ఆ తిరుగుబాటుదారులే. వెనక్కి వెళ్దామంటే ఎన్ని గంటల ఆట మళ్లీ ఆడాలి? ఎవరూ వెళ్లరు. తిట్టుకుని ముందుకే పోతారు, మనకు కావాల్సింది కూడా అదే.

మా స్టూడియోలో చేసిన ఒక గేమ్‌లో (పేరు చెప్పకూడదు, ఒప్పందం) చెరువు క్వెస్ట్ నాకు పడింది. కరువు సంవత్సరం, నీరటి చనిపోయి తూము తెరిచే పని హీరో మీద పడుతుంది. తూము తెరిస్తే ఆయకట్టు కింద వరి గట్టెక్కుతుంది. తెరవకపోతే చెరువులో నీళ్లు నిలిచి, గట్టు పక్క బావులు ఎండకుండా ఎండాకాలం దాకా మనుషులకూ పశువులకూ తాగడానికి ఉంటాయి. జమీందారు లేడు, విలన్ లేడు, రెండు వైపులా నోరున్న మంచివాళ్లే. టెస్టింగ్‌కి వచ్చిన ఒక అమ్మాయి ఆ రెండు ఆప్షన్ల మధ్య మౌస్ పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది, ఎడమచేతి వేలు సేవ్ బటన్ మీదికి వెళ్లింది, నొక్కింది, మళ్లీ నొక్కింది, తర్వాత నావైపు తిరిగి "అక్కా, సగం సగం వదలొచ్చా?" అంది. అలా బేరం మొదలైందంటే క్వెస్ట్ పండినట్టే. తూము తెరిచింది. ఊళ్లో పండగ, ఒక ముసలాయన కొత్త బియ్యం ఇచ్చాడు, ఈ అమ్మాయి ఖుషీ. చాలా తర్వాత వేరే పని మీద సంతకు వెళ్తే అక్కడ మొదటి రోజు చెరువుగట్టు మీద పలకరించిన మేకలాయన నిలబడి ఉన్నాడు, ఒక్క మేకతో. "ఇదొక్కటే మిగిలింది సార్, ఎంతిస్తావో ఇయ్యి" అంటాడు. తిట్టడు, నీవల్లే అనడు. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

మాకు అయిన ఖర్చు చెబుతాను వినండి: ఒక పాత్రను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం, కొన్ని డైలాగులు, ఒక ఫ్లాగ్ (ప్లేయర్ ఏం ఎంచుకున్నాడో గేమ్ లోపల పెట్టుకునే గుర్తు). కొత్త బొమ్మ లేదు, కొత్త మ్యాప్ లేదు. తూము తెరవకపోతే అదే సంతలో ముసలాయన ఎడ్లు అమ్ముతుంటాడు, అంతే.

ఇది చదివి మరీ ఉత్సాహపడి ప్లేయర్‌ని మోసం చేయకండి. ఊహించని ఫలితం వేరు, అన్యాయం వేరు. ఫాల్‌అవుట్ 3 (2008)లో టెన్‌పెన్నీ టవర్ క్వెస్ట్ చూడండి. లోపల డబ్బున్న మనుషులు, బయట చోటు అడుగుతున్న గూల్స్, అంటే అణుధార్మికత వల్ల రూపం పాడైనవాళ్లు. ఓపిగ్గా తిరిగి అందరినీ ఒప్పించి కలిసి బతికేలా చేస్తాం, ఇంతకంటే మంచి ముగింపు ఉండదు అనుకుంటాం. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే మనుషులంతా చచ్చిపోయి ఉంటారు, గూల్స్ నాయకుడు రాయ్ ఫిలిప్స్ తాపీగా తిరుగుతుంటాడు. నాకు ఆలోచనగా నచ్చింది, కొందరికి ఇప్పటికీ మంటే. రాయ్ కోపిష్టి అని ముందే కనిపిస్తుంది నిజమే, కానీ శాంతి ఒప్పందం కుదిరాక కూడా జాగ్రత్తపడే మార్గం ఏదీ ప్లేయర్‌కి తేలిగ్గా కనిపించేలా పెట్టలేదు. నా లెక్క ఏంటంటే, ఫలితం చూశాక ప్లేయర్ నోట "అరె, అప్పుడే తెలియాల్సింది" అని రావాలి. "నాకెలా తెలుస్తుంది!" అని వస్తే మనం ఓడిపోయినట్టు. కాబట్టి ఎంపికకు ముందు కనీసం ఒక సూచన పెట్టండి, శ్రద్ధగా ఆడేవాడికి దొరికేలా.

విచర్ 3 (2015)లో బ్లడీ బారన్ కథను అందరూ ఊరికే పొగడరు. చెట్టులో బంధించిన ఆత్మను విడిపిస్తే బురదనేలలోని అనాథ పిల్లలు బతుకుతారు, కానీ ఒక ఊరు నాశనం అవుతుంది, బారన్ భార్య చనిపోతుంది, బారన్ ఉరేసుకుంటాడు. ఆత్మను చంపేస్తే పిల్లలు పోతారు, ఆవిడకు మతి పోతుంది, కానీ బారన్ ఆమెను తీసుకుని వైద్యం కోసం బయలుదేరతాడు. ఆ ఆత్మ నమ్మదగ్గదిగా అనిపించకపోవడానికి కావాల్సినన్ని ఆనవాళ్లు గేమ్ మన ముందే పడేస్తుంది. నమ్మడం నమ్మకపోవడం మన పని. ఎవరు ఏం ఎంచుకున్నా ఎవరో ఒకరి శవం లెక్కలో ఉంటుంది, అందుకే ఇన్నేళ్లయినా ఇద్దరు కలిస్తే "నువ్వేం చేశావ్?" అని మొదలవుతుంది.

ఎండింగుల సంఖ్య గురించి. ప్రతి ఎంపికా కథను నిజంగా రెండుగా చీలిస్తే పది ఎంపికలకు 1024 కథలు రాయాలి. ఎవరివల్లా కాదు. బాల్డర్స్ గేట్ 3 (2023) వచ్చేముందు దాన్ని చేసిన లారియన్ స్టూడియో 17,000 రకాల ముగింపులు అని చెప్పుకుంది, అవి 17,000 వేర్వేరు కథలు కావు, చిన్నచిన్న తేడాల కలయికలు. అందరూ చేసేది ఒకటే, దారులు విడదీసి మళ్లీ కలపడం. మాస్ ఎఫెక్ట్ ఒకటో భాగంలో రాక్నై అనే పురుగుజాతి రాణిని చంపేసినా మూడో భాగంలో దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. ఇది మరీ చవకబారు, ప్లేయర్ చేసినదాన్ని తుడిచేసినట్టు. అదే సిరీస్‌లో మన జట్టులో ఉండే రెక్స్ అనే క్రోగన్ జాతి యోధుడిని పోగొట్టుకుంటే మూడో భాగంలో క్రోగన్ల నాయకుడిగా రీవ్ వస్తాడు. పాత్ర చేసే పని అదే, కానీ వాడు మొరటువాడు, వాడి చేతిలో ఆ జాతి భవిష్యత్తు పెట్టాలంటే భయమేస్తుంది, అదివరకు తేలికగా అనిపించిన నిర్ణయమే బరువెక్కుతుంది. దారి కలపాలి కానీ కలిసిన చోట మచ్చ కనపడాలి.

మనవాళ్లకు ఇది చెప్పడం తేలికే. ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని "కుంజరః" అని గొణిగాక కథ దారి మారలేదు, ద్రోణుడు విల్లు దించాడు, యుద్ధం పాండవులే గెలిచారు. కానీ అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం నేలకు దిగింది. ఎంత చవక, ఎంత గట్టి దెబ్బ! నాకు తెలిసి ఇంతకంటే మంచి ఫ్లాగ్ ఎవరూ రాయలేదు.

సరే, మీ గేమ్. ముందు ఆ కూలీకి కారణం ఇవ్వండి. పదిహేడో శతాబ్దంలో ఇక్కడి గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాసినదాన్ని బట్టి కొల్లూరులో 60,000 మంది దాకా పనిచేసేవారు, ఆయన చూసిన ఇంకో గనిలో పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి మూడు వరహాలే కూలి. అక్కడే ఒకడు రాయిని కంటి మూలలో దాచి పట్టుబడ్డాడని కూడా రాశాడు. ఈ ఒక్క వివరం మీ సీన్‌లో పెట్టండి: ఎర్రబడి నీరు కారుతున్న కన్ను, ఎదురుగా తూకం రాళ్లు. ప్లేయర్‌కి ఇంక ఉపన్యాసం అక్కర్లేదు.

వదిలేస్తే, తర్వాతి అధ్యాయంలో గని కౌలుదారు కాపలా పెంచుతాడు, అదే జట్టులో పనిచేసే ఇంకొకడి మీద అనుమానం పడుతుంది. చిట్టాలో లెక్క తగ్గింది, రాసింది హీరో చేతిరాతే, యజమాని సేఠ్ కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ తిప్పుతాడు. అక్కడ ప్లేయర్ అబద్ధమాడాలా వద్దా. పట్టిస్తే, సేఠ్ నమ్మకం పెరుగుతుంది, భోషాణం తాళంచెవి చేతికొస్తుంది, అది కథలో నిజంగా పనికిరావాలి. బదులుగా కార్వాన్‌లో బళ్లవాళ్లు, హమాలీలు హీరో రాగానే మాట ఆపేస్తారు, వాళ్ల నోటి నుంచి వచ్చే కబుర్ల క్వెస్టులన్నీ మూత. రాయి కొనేస్తే డబ్బే డబ్బు, కానీ ఆ కూలీ మళ్లీ వస్తాడు, ఇంకో రాయితో, ఈసారి ఇద్దరిని వెంటేసుకుని. ఇప్పుడు హీరో వాడిని కాదనలేడు. చూశారా, మీరు నెలరోజులు రాసిన చెడ్డ దారి సీన్లలో చాలావరకు ఈ మూడోదాంట్లో పెట్టుకోవచ్చు, పారేయక్కర్లేదు.

చెడ్డ దారి పట్టినవాడికి గేమ్ తగ్గిపోకుండా చూసుకోండి. బాల్డర్స్ గేట్ 3లో గ్రోవ్ అనే శరణార్థుల చోటు మీద దాడి చేస్తే మన జట్టులోని విల్, కార్లాక్ వెళ్లిపోతారు, డామన్ అనే కమ్మరి చనిపోతాడు, వాళ్లతో ముడిపడ్డ కథలన్నీ పోతాయి. దానికి బదులు దక్కేది మింథారా అనే తోడు పాత్ర. మింథారా బాగుంటుంది, కానీ తూకం సరిపోలేదని నా అభిప్రాయం. కొందరు ఆ ఖాళీతనమే శిక్ష అంటారు, అండర్‌టేల్ (2015)లో అందర్నీ చంపుకుంటూ పోతే ఊళ్లు నిజంగానే ఖాళీ అయిపోతాయి కదా అంటారు. అక్కడ అది కావాలని చేసినది, పైగా ఆ గేమ్ మనం సేవ్ వెనక్కి తిప్పినా గుర్తుపెట్టుకుని ఎత్తిపొడుస్తుంది. ఆ స్థాయి పట్టు లేనప్పుడు ఖాళీ అంటే ఖాళీయే.

పనిలో పనిగా ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి. ఫ్లాగ్ పేరు, ఎక్కడ పడుతుంది, ఎక్కడెక్కడ చదువుతాం. ఎక్కడా చదవని ఫ్లాగ్ ఉంటే ఆ ఎంపికను కోసేయండి, కనీసం రెండు మూడు చోట్ల చదివేవే ఉంచండి, అందులో ఒకటి దూరంగా, ప్లేయర్ మర్చిపోయాక. చిన్న టీమ్ కాబట్టి పెద్ద ఎంపికలు నాలుగైదు దాటనివ్వకండి.

డెమో మళ్లీ పెట్టినప్పుడు ఇది నీతికి సంబంధించిన గేమ్ అని ముందే చెప్పకండి, చెబితే అందరూ పరీక్ష రాస్తున్నట్టు ఆడతారు. ఏం నొక్కారన్నది రాసుకోవడంతో పాటు నొక్కే ముందు ఎంతసేపు ఆగారో చూడండి. ఆప్షన్ల పక్కన రంగులు, రెక్కలు, కొమ్ములు లాంటి ఐకాన్లు పెట్టాలా అని చివర్లో అడిగారు, అస్సలు వద్దు. హీరో నోటి నుంచి వచ్చే వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఆప్షన్‌గా రాయండి. "వదిలేయి" అని బటన్ మీద పెట్టి నొక్కాక వాడిని చెంపదెబ్బ కొట్టి వదిలేస్తే ప్లేయర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు.